గద్దర్: గాయం ఒక్కడిది కాదు, గొంతూ ఒక్కడిది కాదు

మన పాట - మన చరిత్ర వరుసలో మరో భాగం



ఈ వరుస మొదలుపెట్టినప్పటి నుంచి కర్నూలు, కడప కాలేజీల పిల్లలు ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. తమిళంలో అరివు ఉన్నాడు. ఒడిశా కోరాపుట్ నుంచి సుమిత్ సామోస్ వచ్చాడు. అమెరికాలో టూపాక్ ఉన్నాడు. మన తెలుగులో దళితవాడ నుంచి వచ్చిన ర్యాపర్ ఎవరున్నారన్నా?

ర్యాప్ అన్న పేరు పక్కన పెట్టి పని చూద్దాం. తాళం మీద మాటను నడిపించడం. పాడుతూ పాడుతూ ఆపి మాట్లాడటం, మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి జారడం. తన వాడ పేరు, తన తల్లి పేరు, తనను కొట్టినవాడి పేరు బహిరంగంగా చెప్పడం. ఎదురుగా ఉన్న జనంతో బదులు పలికించడం. ఈ పనిని లక్షల మంది ముందు చేసిన మనిషి మనకున్నాడు. మెదక్ జిల్లా తూప్రాన్ మాలవాడలో పుట్టిన గుమ్మడి విఠల్. లోకానికి గద్దర్.

గద్దర్ మీద రాసినవి బోలెడున్నాయి. ఆయన పోయాక ఇంకా ఎక్కువయ్యాయి. వాటిలో చాలామటుకు ఒకే మూసలో ఉంటాయి: పేదింట్లో పుట్టాడు, కష్టాలు పడ్డాడు, దేవుడిచ్చిన గొంతుతో పైకొచ్చాడు. ఆ మూస మీదే నా పేచీ. ఆ మూసలో గాయం ఒక మనిషిది అవుతుంది, గొంతు ఒక మనిషిది అవుతుంది. కులం ఎటో మాయమైపోతుంది.

ముందు టూపాక్ సంగతి

1971 మే నెలలో న్యూయార్క్ కోర్టు బ్లాక్ పాంథర్ పార్టీ సభ్యుల మీద పెట్టిన పెద్ద కుట్ర కేసును కొట్టేసింది. నిర్దోషులుగా బయటపడ్డవాళ్లలో ఒక నిండు గర్భిణి ఉంది. పేరు అఫేని షకూర్. లాయరును పెట్టుకోకుండా తన కేసు తానే వాదించుకుంది. జూన్ 16న ఆమెకు కొడుకు పుట్టాడు. వాడే టూపాక్.

ఆ పిల్లవాడి బాల్యం నిలకడ లేనిది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారడం, అద్దె కట్టలేని ఇళ్లు, పోలీసులు వెతుకుతున్న మారుతండ్రి, ఉద్యమం చెదిరిపోయాక మత్తుకు అలవాటుపడ్డ తల్లి. 1991లో మొదటి ఆల్బం. 1994లో ఒకసారి కాల్పులు. ఒక స్త్రీ మీద లైంగిక దాడి కేసులో శిక్ష పడి 1995లో జైలు. అభిమానులు ఆ కేసు మాట దాటేస్తుంటారు, మనం దాటేయకూడదు. 1996 సెప్టెంబర్ 7న లాస్ వేగాస్‌లో మళ్లీ కాల్పులు, 13న మరణం. అప్పటికి వయసు 25 ఏళ్లు.

ఈ కథను మార్కెట్ ఎలా అమ్మింది? చెడిపోయిన బాల్యం, కోపిష్టి కుర్రాడు, అకాల మరణం. అందులో లేనిదేమిటంటే, ఆ బాల్యాన్ని చెడగొట్టింది ఎవరన్న ప్రశ్న. పాంథర్లను వెంటాడి, జైళ్లలో వేసి, విడగొట్టిన రాజ్యం అది. ఒక ఉద్యమం ఓడిపోతే దాని ఇళ్లలో పిల్లలు ఎలా పెరుగుతారో టూపాక్ బాల్యం చెబుతుంది.

పాంథర్ల పేరు మన దేశానికీ వచ్చింది. 1972లో ముంబైలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే లాంటి యువకులు దళిత్ పాంథర్స్ పెట్టారు. అదే 1972లో హైదరాబాద్‌లో జన నాట్య మండలి మొదలైంది. మరుసటి ఏడు, 1973 ఆగస్టు 11న, న్యూయార్క్ బ్రాంక్స్ పేటలో డీజే కూల్ హెర్క్ పెట్టిన ఒక పార్టీని హిప్‌హాప్ పుట్టిన రోజుగా లెక్కేస్తారు. ఈ మూడూ ఒకదాన్ని చూసి ఒకటి పుట్టాయని నేననడం లేదు. సమాజం అంచుకు నెట్టేసిన పేటల్లో, ఇంచుమించు ఒకే కాలంలో, యువత తన మాటకు తన తాళం వెతుక్కుందని అంటున్నాను.

తూప్రాన్, 1949

విఠల్ పుట్టింది 1949లో. నిజాం రాజ్యం భారతదేశంలో కలిసి అప్పటికి ఏడాది అటూ ఇటూ. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. ఆ ఏడాది నవంబర్ 26న రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం వయసూ, విఠల్ వయసూ ఒకటే. కాగితం మీద అంటరానితనం పోయిన ఏడాదే అంటరానివాడలో ఒక పిల్లవాడు పుట్టాడు. అది కాగితం మీద మాత్రమే పోయిందని ఆ పిల్లవాడికి బడిలోనే తెలిసింది.

తల్లి లచ్చుమమ్మ, తండ్రి శేషయ్య. కూలి మీద బతికే ఇల్లు. తండ్రి పని కోసం ఔరంగాబాద్ దాకా వెళ్లినవాడు. ఇప్పుడది మహారాష్ట్ర గానీ, 1956 వరకు మరాఠ్వాడా కూడా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఆ ఔరంగాబాద్‌లోనే 1950లో అంబేద్కర్ తన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున కాలేజీ తెరిచాడు, అదే తర్వాత మిళింద్ కాలేజీ అయింది. కూలికి పోయిన మాలలు అక్కడి నుంచి డబ్బులతో పాటు అంబేద్కర్ మాట కూడా మూట కట్టుకుని వచ్చారు. శేషయ్య ఇంట్లోకి ఆ మాట వచ్చింది. పిల్లవాడికి పెట్టిన విఠల్ అన్న పేరు పండరీపురం దేవుడిది.

మన కర్నూలు పిల్లలకు ఈ వలస సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు ఊళ్లలో సుగ్గి అంటే ఏమిటో మీకు తెలుసు. వానలు మొహం చాటేస్తే ఇంటికి తాళమేసి గుంటూరు మిరప తోటలకు పోవడం. తల్లిదండ్రుల వెంట పోయిన పిల్లల పేర్లు బడి రిజిస్టరులో ఉంటాయి, పిల్లలు మాత్రం కల్లాల దగ్గర ఉంటారు. ‘చెదిరిన బాల్యం’ అని పుస్తకాల్లో రాసేది మన దగ్గర ఏటా వచ్చే ఒక కాలం పేరు. అది వానాకాలం, ఎండాకాలం లాగే ఊరంతటికీ వస్తుంది. ఒక్క పిల్లవాడి దురదృష్టంగా దాన్ని రాయడం అన్యాయం.

గొంతు ఎక్కడిది?

గద్దర్ తన పాటకు మూలం తల్లి అని ఎన్నో వేదికల మీద చెప్పాడు. నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ, పిల్లను జోకొడుతూ, చచ్చినవాళ్ల మీద పడి ఏడుస్తూ ఆడవాళ్లు పాడినవి. ఆ పాటల్లో చేతి పనే తాళం. వంగి నారు పెట్టే వేగమే పాట వేగం. జట్టులో ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. గద్దర్ పాటల్లో ‘అమ్మా’, ‘చెల్లీ’, ‘కొడుకా’ అన్న పిలుపులు అన్ని ఉండటానికి కారణం అదే. ఆ బాణీలు పుట్టిందే పక్కనున్న మనిషిని పిలవడానికి.

రెండోది పలక. తెలంగాణలో డప్పు అంటారు, మన సీమలో పలక అంటాం, తప్పెట అంటాం. చచ్చిన పశువును మోసినవాడే ఆ తోలు తీసి, ఆరబెట్టి, చట్రానికి బిగించి, మంట మీద కాచి దాన్ని మోగించాడు. ఊరికి చావొచ్చినా, జాతరొచ్చినా, సర్కారు కబురొచ్చినా మోగించాల్సింది మాదిగలే. కూలి అడగకుండా మోగించాలి. మోగించినవాడు మాత్రం గుడి బయటే ఉండాలి. జన నాట్య మండలి వేదిక మీద డప్పు మోగినప్పుడు జనం ఒళ్లు ఎందుకు పులకరించింది? ఎవరి ఇంటి ముందో వెట్టికి మోగిన వాయిద్యం మొదటిసారి తన కోసం మోగింది కాబట్టి. ఒక మాట మాత్రం గుర్తుంచుకుందాం. గద్దర్ మాల. ఆయన పాటను నడిపిన డప్పు మాదిగల చెమట. మాదిగలు 1994లో తమ హక్కుల ఉద్యమానికి దండోరా అన్న పేరు ఎంచుకోవడం వెనుక ఆ డప్పు చరిత్రంతా ఉంది. గద్దర్‌ను తలుచుకునేటప్పుడు డప్పు పట్టిన చేతులను మర్చిపోతే, మనం కూడా దొరలు చేసిన పనే చేసినట్టు.

మూడోది బుర్రకథ. మధ్యలో తంబురా పట్టుకున్న కథకుడు, పక్కన ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథ ఏదైనా కానీ, మధ్యలో ఆపి నేటి రాజకీయం మాట్లాడే వెసులుబాటు ఆ కళలోనే ఉంది. పొన్నెకల్లు పేద దూదేకుల ఇంట్లో 1920లో పుట్టిన షేక్ నాజర్ దాన్ని ప్రజానాట్యమండలి కోసం పదును పెట్టాడు. 1940ల్లో పాలకులు బుర్రకథలను నిషేధించేంత పదును అది. గద్దర్ కూడా మొదట్లో బుర్రకథ చెప్పినవాడే. పాట మధ్యలో మాట, మాట మధ్యలో ఎత్తిపొడుపు, వెంటనే ఏడుపు, ఆ వెంటనే గంతు. ఆ మలుపులన్నీ ఆయనకు అక్కడ అబ్బినవే.

ఇప్పుడు చెప్పండి, ఆ గొంతు ఒక్కడిదా?

విఠల్ గద్దరైన దారి

చదువులో చురుకైనవాడు. హైదరాబాద్ వచ్చి ఇంజనీరింగ్ చదువులో చేరాడు. 1969 తెలంగాణ ఉద్యమం వచ్చింది, చదువు మధ్యలో ఆగింది. ఆ రోజుల్లోనే సినిమా, కళల మనిషి బి. నరసింగరావు నడుపుతున్న ఆర్ట్ లవర్స్ బృందంతో పరిచయం. విఠల్ పాటలతో వచ్చిన మొదటి సంపుటికి ‘గద్దర్’ అని పేరు పెట్టారు. 1913లో అమెరికాలోని పంజాబీ వలస కూలీలు, విద్యార్థులు బ్రిటిష్ వాళ్లను వెళ్లగొట్టడానికి పెట్టుకున్న గదర్ పార్టీ పేరది. గదర్ అంటే తిరుగుబాటు. పుస్తకం పేరు మనిషికి అంటుకుంది. అమెరికాలో నల్లజాతి పిల్లలు బానిస యజమానుల నుంచి వచ్చిన ఇంటిపేర్లు వదిలేసి వేదిక పేర్లు పెట్టుకున్నట్టే, ఇక్కడ ఒక మాల పిల్లవాడు ఊరు పిలిచే పేరు దాటి జనం పెట్టిన పేరులోకి వచ్చాడు.

1972లో జన నాట్య మండలి. 1975లో కెనరా బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. పగలు లెడ్జర్లు, రాత్రి పాటలు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో నరసింగరావు నిర్మించిన ‘మా భూమి’ సినిమాలో, సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెర మీద పాడాడు. ఎడ్లబండి కాలం నాటి ఆ పాట 1980ల పిల్లలందరి నోట్లోకి ఎక్కింది. 1984లో బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా చేశాడు. మన ఇళ్లలో ఒక బ్యాంకు ఉద్యోగం అంటే ఏమిటో ఆలోచించండి. మూడు తరాల కూలి బతుకు నుంచి బయటపడే తలుపు అది. ఆ తలుపు తనే మూసి వచ్చాడు. భార్య విమల, చిన్న పిల్లలు ఆ నిర్ణయం బరువు మోశారు. ఉద్యమకారుల జీవితచరిత్రల్లో ఈ వాక్యం ఎప్పుడూ చిన్నగా ఉంటుంది.

ప్రదర్శన ఎలా ఉండేదో చూడని పిల్లల కోసం చెబుతాను. నెత్తుటి రంగు గుడ్డ, భుజం మీద గొంగడి, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచె, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. అది గొర్లకాపరి వేషం, పాలేరు వేషం. కచేరీ పట్టుపంచెకు అది సూటి జవాబు. వీడియోలు చూడండి. ఒక్క కర్ర తుపాకీ అవుతుంది, పసిబిడ్డ అవుతుంది, నాగలి అవుతుంది. పాట ఎక్కడ మొదలైందో, మాట ఎక్కడ ఆగిందో తెలియదు. పల్లవి జనానికి అప్పజెప్పి తను కథలోకి పోతాడు, కథ అయిపోయాక జనమే ఆయన్ని పల్లవిలోకి లాక్కొస్తారు. తాళం మీద నడిచే ఈ మాటను ఏ పేరుతో పిలిచినా నాకు అభ్యంతరం లేదు. విదేశం నుంచి పేరు వస్తే తప్ప మన కళ కళ కాదనుకోవడం మీదే అభ్యంతరం.

మండలి పని పద్ధతి కూడా గమనించాలి. ఊళ్లకు పోయి బాణీలు నేర్చుకోవడం, ఆ బాణీలో కొత్త మాట కూర్చడం, మళ్లీ ఆ ఊరికే పాడి వినిపించడం, జనం ఒప్పుకోని మాట మార్చడం. క్యాసెట్ల మీద పెద్దగా ఉండేది మండలి పేరే. పాట అందరిదీ అన్న నమ్మకం ఆ పద్ధతికి పునాది. అందులో గొప్పతనం ఉంది, ఒక చిక్కూ ఉంది. ఆ చిక్కు దగ్గరికి చివర్లో వస్తాను.

కారంచేడు, అజ్ఞాతం, తూటా

1985 జులై 17. ప్రకాశం జిల్లా కారంచేడు. మాదిగల మీద కమ్మ భూస్వాముల దాడి, ఆరుగురి హత్య, స్త్రీల మీద అత్యాచారాలు. దళిత మహాసభ పుట్టింది ఆ నెత్తుటిలోంచే. గద్దర్, మండలి కారంచేడును పాటగా ఊరూరికీ మోశారు. అదే కాలంలో ఎన్టీఆర్ ప్రభుత్వం విప్లవ కళాబృందాల నోరు మూయించింది. ‘ఆట, మాట, పాట బంద్’ అన్న మాట అప్పటిదే. గద్దర్ ఇంటి మీద పోలీసుల దాడి తర్వాత ఆయన అజ్ఞాతంలోకి పోయాడు. దాదాపు ఐదేళ్లు. మనిషి లేడు, క్యాసెట్ ఉంది. జేబులో దొరికితే కేసు పెట్టే క్యాసెట్.

1990 ఫిబ్రవరి 18న చెన్నారెడ్డి ప్రభుత్వ కాలంలో బయటికొచ్చాడు. రెండు రోజులకు, ఫిబ్రవరి 20న నిజాం కాలేజీ మైదానంలో పాడితే దాదాపు రెండు లక్షల మంది వచ్చారని చెబుతారు. ఆ వెసులుబాటు ఎంతో కాలం నిలవలేదు. 1992లో పీపుల్స్‌వార్‌నూ, దాని అనుబంధ సంఘాలనూ ప్రభుత్వం నిషేధించింది.

1997 ఏప్రిల్ 6. ఆల్వాల్ వెంకటాపురంలోని ఇంటికి వచ్చిన ఆగంతకులు గద్దర్ మీద తుపాకులు పేల్చారు. బతికాడు. ఒక తూటా మాత్రం వెన్ను దగ్గర ఉండిపోయింది. తీస్తే ప్రాణానికే ప్రమాదమని వదిలేశారు. టూపాక్ పోయి అప్పటికి ఏడు నెలలు. అక్కడ తూటా పాటగాడిని తీసుకుపోయింది. ఇక్కడ పాటగాడు తూటాను ఒంట్లో పెట్టుకుని 26 ఏళ్లు పాడాడు, గంతులేశాడు. తన మీద కాల్పులకు కారకులు ప్రభుత్వం, పోలీసులేనని ఆయన చివరిదాకా అన్నాడు.

పార్టీలో పాటగాడు

2004 అక్టోబర్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. విప్లవ పక్షం ప్రతినిధులుగా వరవరరావు, గద్దర్, జి. కళ్యాణరావు ఉన్నారు. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ నవల రాసిన రచయిత. మాలమాదిగల ఆటపాటలే ఈ నేల కళకు వేళ్లని, వాటిని చరిత్ర తొక్కిపెట్టిందని చెప్పిన నవల అది. ఆ బల్ల దగ్గర ఇద్దరు దళిత కళాకారులు ఉండటం చిన్న సంగతి కాదు.

కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. విప్లవోద్యమంలో దళితుడికి పాట దొరికింది, తుపాకీ దొరికింది, అమరుల స్థూపం మీద పేరు దొరికింది. సిద్ధాంతం రాసే చోటు ఎంతమందికి దొరికింది? కె.జి. సత్యమూర్తి, మన శివసాగర్, పార్టీ పెట్టినవాళ్లలో ఒకడు, గొప్ప కవి. పార్టీలో కులం ప్రశ్న ఎత్తి బయటికి రావలసి వచ్చింది. గద్దర్ కూడా నెమ్మదిగా ఆ ప్రశ్న దగ్గరికి వచ్చాడు. మార్క్స్ పక్కన ఫూలే, అంబేద్కర్ చేరారు. ఆల్వాల్‌లో నడిపిన బడికి పెట్టుకున్న పేరు మహాబోధి. శేషయ్య ఔరంగాబాద్ నుంచి మూట కట్టుకొచ్చిన మాట కొడుకు దగ్గరికి చాలా చుట్టు తిరిగి చేరింది.

పార్టీ చేసిన మేలును కాదనడం నా ఉద్దేశం కాదు. పార్టీ లేకపోతే విఠల్ గొంతుకు అంత పెద్ద వేదిక దొరికేది కాదు. మాలమాదిగల ఆటపాటలు లేకపోతే పార్టీకి ఆ గొంతు దొరికేది కాదు. మొదటి వాక్యం చరిత్ర పుస్తకాల్లో ఉంది. రెండోది మనమే రాయాలి.

చివరి ఏళ్లు

తెలంగాణ ఉద్యమంలో మళ్లీ ఊరూరా తిరిగాడు. 2011లో వచ్చిన ‘జై బోలో తెలంగాణ’ సినిమాలో ఆయన పాట ఉద్యమ గీతమే అయింది. రాష్ట్రం వచ్చింది. ఈలోగా పార్టీకి దూరమయ్యాడు. గుళ్లకు వెళ్లాడు. 2018లో జీవితంలో మొదటిసారి ఓటు వేశాడు. రాజ్యాంగ పుస్తకం పట్టుకుని తిరిగాడు. 2023లో సొంతంగా ఒక పార్టీ ప్రకటించాడు, అదే ఏడాది జులై 2న ఖమ్మం సభలో రాహుల్ గాంధీని ముద్దు పెట్టుకున్నాడు.

దీన్ని కొందరు ద్రోహం అన్నారు, కొందరు జ్ఞానోదయం అన్నారు. నాకు రెండు మాటలూ తొందరపాటుగా తోస్తాయి. గుడికి వెళ్లడాన్ని నేను సమర్థించను. మెట్ల మీద నిలబెట్టిన దేవుడితో మనకు పాత లెక్కలున్నాయి. రాజ్యాంగం పట్టుకోవడాన్ని మాత్రం ఓటమి అనను. తన వయసే ఉన్న పుస్తకం అది. డెబ్బై ఏళ్లకు దాన్ని చేతిలోకి తీసుకున్న మాలకు, దాన్ని రాసింది ఎవరో తెలుసు.

2023 ఆగస్టు 6న హైదరాబాద్‌లో గద్దర్ కన్నుమూశాడు. ఆగస్టు 6 మనకు ముందే తెలిసిన తేదీ. 1991లో అదే రోజు చుండూరులో మాలలను నరికి చంపారు. ఇకనుంచి ఆ తేదీన రెండు దీపాలు పెట్టాలి.

మరునాడు మహాబోధి బడి ఆవరణలో బౌద్ధ పద్ధతిలో అంత్యక్రియలు జరిగాయి. ప్రభుత్వ లాంఛనాలతో. పోలీసులు తుపాకులు పైకెత్తి గౌరవ వందనం చేశారు. ఆ శరీరంలో 1997 నాటి తూటా ఇంకా ఉంది. తర్వాత వచ్చిన ప్రభుత్వం సినిమా వాళ్లకిచ్చే నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరిట అవార్డులు పెట్టింది. పేరును వేదికెక్కించడం రాజ్యానికి సులువైన పని. ఆ తూటా ఎవరిదో తేల్చడం కష్టమైన పని.

కడప నుంచి ఒక పాఠం

పేరు పెట్టుకోవడం గురించి కడపవాళ్లకు బాగా తెలియాలి. వేమనను పండితులు చాలాకాలం కవిగా లెక్కపెట్టలేదు. పద్యాలు జనం నోటిలో బతికాయి. సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి వాటిని పోగుచేసి 1829లో అచ్చేశాడు. ఇప్పుడు కడప యూనివర్సిటీకి వేమన పేరే. మంచిదే. కానీ బ్రౌన్ దాకా ఆ పద్యాలను మోసిన నోళ్ల పేర్లు ఏ గోడ మీదా లేవు.

నేను పైన చిక్కు అన్నది ఇదే. పాట అందరిదీ అనుకుంటే అది ఉద్యమం. ఎవరిదో అడగకుండా వాడుకుంటే అది దోపిడీ. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. గద్దర్ పేరు మిగిలింది. ఆయనకు బాణీలిచ్చిన కూలి ఆడవాళ్ల పేర్లు మిగల్లేదు. మండలిలో డప్పు కొట్టిన చాలామంది పేర్లు మిగల్లేదు. ఎన్‌కౌంటర్లలో పోయిన పాటగాళ్ల పేర్లు కొన్ని స్థూపాల మీద మాత్రమే ఉన్నాయి.

అరివు సంగతే చూడండి. 2021లో కోట్లమంది విన్న ‘ఎంజాయ్ ఎంజామి’కి మాట ఆయనది. ఆ పాట వెనుక ఆయన అవ్వ వల్లియమ్మాళ్ జీవితం ఉంది. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసి తిరిగొచ్చిన దళిత స్త్రీ ఆమె. అదే ఏడాది ఒక పెద్ద సంగీత పత్రిక ఆ పాట గురించి ముఖచిత్రం వేసినప్పుడు అందులో అరివు బొమ్మ లేదు. పా. రంజిత్ లాంటివాళ్లు గొంతెత్తాక ఆ పత్రిక ఆయనకు విడిగా ముఖచిత్రం వేసింది. కష్టపడ్డ అవ్వ పేరు చెప్పగలిగినవాడి పేరే మాయం చేయబోతే, అవ్వల సంగతి ఏమిటి?

అందుకే ఫోన్‌లో బీటు పెట్టుకుని పాట రాస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది ఇది. మీ బాల్యం గాయాన్ని దాచొద్దు. దాన్ని ఒంటరి గాయంగా అమ్మొద్దు కూడా. కొన్నవాళ్లు మీ కన్నీళ్లు తీసుకుంటారు, మీ వాడను వదిలేస్తారు. మీ ఊళ్లో పలక కొట్టే పెద్దాయన దగ్గర కూర్చోండి. ఏ దెబ్బ చావుది, ఏ దెబ్బ జాతరది, ఏ దెబ్బ చాటింపుది, దాని పేరేమిటి, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, రాసుకోండి. సుగ్గికి పోయొచ్చిన మీ అమ్మ, మీ పెద్దమ్మ మిరప చేలో పాడింది రికార్డు చేయండి. రికార్డు మీద ఆమె పూర్తి పేరు, ఊరి పేరు చెప్పించండి. మీ పాట బయటికొచ్చిన రోజు ఆ పేరు మీ పేరు పక్కనే ఉండాలి.

లచ్చుమమ్మ పేరు మనకు ఎందుకు తెలుసు? కొడుకు పాటలో చెప్పాడు కాబట్టి. ఏ ప్రభుత్వమూ చెప్పలేదు, ఏ పార్టీ తీర్మానమూ చెప్పలేదు. గద్దర్ మనకు వదిలిపోయిన పనుల్లో మన చేతిలో ఉన్నది ఇది. తల్లి పేరుతో పాట మొదలుపెట్టడం.

వచ్చే భాగంలో సీమ పలక దెబ్బల గురించి. మీ ఊళ్ల నుంచి పేర్లు పంపండి.

జై భీమ్.